హాలోవీన్ డ్రస్సు కోసం వచ్చేవాళ్ళతో నాలుగు మాటలు

విశాఖపట్నం అల్లిపురంలో మాది డ్రస్సులు అద్దెకిచ్చే షాపు. మా మామగారు పౌరాణిక నాటకాలవాళ్ళకి కిరీటాలు, గదలు, జరీ పంచెలు ఇవ్వడంతో మొదలుపెట్టారు. తర్వాత నాటకాలు తగ్గాయి, స్కూళ్ళు పెరిగాయి. ఇప్పుడు మా వ్యాపారం స్కూలు క్యాలెండరు మీదే నడుస్తోంది. ఆగస్టులో భరతమాతలు, చిన్ని కృష్ణులు. నవంబరు 14కి నెహ్రూ కోటు, గులాబీ పువ్వు. డిసెంబరులో శాంటా తాతలు. కొన్నేళ్ళుగా అక్టోబరు ఆఖరి వారం కూడా ఈ వరసలో వచ్చి చేరింది, 31న వచ్చే హాలోవీన్ అనే వేషాల పండగ పుణ్యమా అని.

ఫోన్లు ఇలా ఉంటాయి: "అక్కా, హాలోవీన్ డ్రస్ ఉందా? పాపకి నాలుగేళ్ళు. దయ్యమే కావాలంట స్కూల్లో, కానీ మరీ భయపెట్టేలా వద్దు." తల్లులతో పాటు రుషికొండ వైపు ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు వస్తారు, బీచ్ రోడ్డు హోటళ్ళలో పార్టీలకు వెళ్ళేవాళ్ళు వస్తారు. నల్ల గౌను, కొసదేలిన టోపీ, లోపల ఎర్ర గుడ్డ వేసిన డ్రాక్యులా కోటు తీసుకెళ్తారు. కోరలు మాత్రం అద్దెకివ్వం, కొనుక్కోవాల్సిందే. నోట్లో పెట్టుకునే వస్తువు కదా.

కౌంటరు దగ్గర రద్దీలో చెప్పడానికి కుదరని మాటలు ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మాయి టెక్సస్‌లో, అబ్బాయి జర్మనీలో ఉండటం వల్ల ఈ పండగని రెండు చోట్లా దగ్గరుండి చూశాను. ఒకే పేరు, ఒకే తారీఖు. కానీ అమెరికాలో అది వీధిలో బతికున్న మనుషులు ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్ళే పండగ. యూరప్‌లో చాలా చోట్ల అక్టోబరు 31 సాయంత్రం నుంచి నవంబరు 2 వరకూ ఉన్న ఆ రోజులు చనిపోయినవాళ్ళవి. మనం ఇక్కడికి తెచ్చుకున్న హాలోవీన్‌లో ఎవరి గుమ్మమూ లేదు, ఎవరి సమాధీ లేదు. డ్రస్సు వేసుకుని, ఫొటో దిగి, ఇంటికొచ్చేయడమే. అందుకే ఇంత పొడుగు రాయాల్సివస్తోంది.

మా అమ్మాయి వాళ్ళుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. పురుడు పొయ్యడానికి వెళ్ళినప్పుడు అక్టోబరంతా అక్కడే ఉన్నాను. సెప్టెంబరు దాటకముందే షాపులన్నిటిలో నారింజ రంగు, నల్ల రంగు దిగిపోయాయి. ఖాళీగా ఉన్న పెద్ద పెద్ద షెడ్లలో ఆ సీజన్ వరకూ డ్రస్సుల దుకాణాలు వెలిశాయి. నా పనే అది కాబట్టి ప్రతి వరసా తిరిగాను. గుడ్డ వేళ్ళ మధ్య నలిపి చూశాను, లోపలి కుట్టు తిరగేసి చూశాను. పల్చటి పాలిస్టరు. లైనింగ్ లేదు, అంచులకి ఓవర్‌లాక్ లేదు, వీపున ఒక్క వెల్క్రో పట్టీ. ఒక్క సాయంత్రం నిలబడితే చాలని కుట్టినవి. మా షాపులో కృష్ణుడి పట్టు పంచె ఎంతమంది పిల్లల నడుముకి చుట్టామో లెక్కలేదు, ఇంకా కొత్తదానిలాగే ఉంది. అక్కడ ఎక్కువమంది కొంటారు, వాడతారు, పక్కన పడేస్తారు. 2023లో హాలోవీన్ మీద అమెరికన్లు 1,200 కోట్ల డాలర్లకి పైగా ఖర్చు పెడతారని అక్కడి రిటైల్ వ్యాపారుల సంఘమే అంచనా వేసింది. అందులో డ్రస్సుల వాటా చిన్నదేం కాదు. గుడ్డ అలా చెత్తలోకి పోవడం నాకు నచ్చలేదు, ఎవరడిగినా అదే చెబుతాను.

కానీ ఆ సాయంత్రం మాత్రం నాకు చాలా నచ్చింది.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. మీ ఇంటి ముందు లైటు వెలుగుతుంటే వేషాలేసుకున్న పిల్లలు మిఠాయిలు అడగడానికి రావచ్చని అర్థం. ఆర్పేసి ఉంటే రావద్దని. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు, నొచ్చుకోక్కర్లేదు. చీకటి పడుతుండగా పిల్లలు గుంపులు గుంపులుగా బయల్దేరారు. తండ్రులు చిన్నపిల్లల్ని చక్రాల బండ్లలో కూర్చోబెట్టి లాగుతూ పేవ్‌మెంటు మీదే ఆగిపోతారు. గుమ్మం దాకా పిల్లలే నడిచి వెళ్ళాలి, బెల్ వాళ్ళే కొట్టాలి, అడగాల్సింది వాళ్ళే అడగాలి, తీసుకున్నాక థాంక్స్ వాళ్ళే చెప్పాలి. మూడేళ్ళ బుడతడు ఒకడు మా మెట్లెక్కి, తలుపు తెరవగానే చెప్పాల్సిన "ట్రిక్ ఆర్ ట్రీట్" అనే మాట మర్చిపోయి, నా చీర వంక చూస్తూ నిలబడిపోయాడు. వెనక నుంచి వాళ్ళ నాన్న గుర్తుచేశాడు. వాడు చెప్పాడు, రెండు చాక్లెట్లు తీసుకున్నాడు, దిగాడు. ఆ నాలుగు మెట్లు ఎక్కి దిగడంలో ఆ పిల్లాడికి ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో తల్లులకి తెలుస్తుంది.

సంవత్సరమంతా గరాజ్ తలుపు లేవడం, కారు లోపలికెళ్ళడం, తలుపు దిగడం తప్ప మనుషులు కనిపించని వీధి అది. ఎదురింటి పెద్దాయనతో మా అమ్మాయి అప్పటిదాకా మాట్లాడిందే లేదు. ఆ రోజు ఆయన కుర్చీ తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నారు. పక్కన గిన్నె నిండా మిఠాయిలు. ప్రతి పిల్లనీ "నువ్వెవరు?" అని అడిగి, సమాధానం పూర్తిగా విన్నాకే ఇచ్చారు. కొన్ని గుమ్మాల్లో నీలం, ఆకుపచ్చ కలిసినట్టుండే రంగు వేసిన గుమ్మడికాయలు పెట్టారు. వేరుశనగ లాంటివి పడని పిల్లల కోసం ఆ ఇంట్లో తిండి కాకుండా బొమ్మలో, స్టిక్కర్లో ఉన్నాయని దానర్థం. 2014 నుంచి దేశమంతా పాకిన అలవాటట. పక్కింటి పిల్లకి ఏం పడదో గుర్తుపెట్టుకునే పండగని తేలిగ్గా తీసిపారేయలేను.

ఇంటికొచ్చాక మా మనవరాలు కార్పెట్ మీద సంచీ బోర్లించింది. రకాల వారీగా కుప్పలు పోసింది, ఇష్టంలేనివి పక్కింటి పిల్లతో మార్చుకుంది. మా అమ్మాయి ముందు రేపర్లన్నీ పరీక్షగా చూసింది. మిఠాయిల్లో బ్లేడ్లు పెడతారని, విషం కలుపుతారని అక్కడ తల్లులందరికీ ఒక టెన్షన్. జోయెల్ బెస్ట్ అనే సోషియాలజీ ప్రొఫెసరు 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ వెతికి చూశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇలా పంచిన మిఠాయిలో విషం ఉండి పిల్లలు చనిపోయిన కేసు ఒక్కటీ ఆయనకి దొరకలేదు. అయినా తల్లులు చూస్తూనే ఉంటారు. నేనున్నా చూస్తాను.

ఇక వేషాలు. ఫ్రిస్కోలో ఆ రాత్రి మా గుమ్మానికి వచ్చినవాళ్ళలో దయ్యాలు తక్కువ. ఫైర్‌మన్లు, రాకుమార్తెలు, డైనోసార్లు, వ్యోమగాములు, తేనెటీగలు. ఒక కుక్కకి కూడా వేషం వేశారు. దయ్యమే అయితీరాలన్న నియమం అమెరికాలో లేదు. మన స్కూళ్ళవాళ్ళు పంపే మెసేజీల్లో "ఓన్లీ స్కేరీ కాస్ట్యూమ్స్" అని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ నియమం అమెరికాది కాదు. ఇంచుమించు జర్మనీది.

మ్యూనిక్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు కూడా అక్టోబరు నెలాఖరు వచ్చింది. అక్కడా కొంతమంది పిల్లలు బెల్ కొట్టారు. అందరూ పిశాచాలు, అస్థిపంజరాలు, రక్తం కారే మొహాలే. పెద్దవాళ్ళ పార్టీలకు వెళ్ళే కుర్రాళ్ళూ అంతే. రాకుమారి గానీ ఫైర్‌మన్ గానీ ఒక్కరూ కనబడలేదు. కారణం అబ్బాయి స్నేహితురాలు చెప్పింది. వాళ్ళకి వేషాల పండగ వేరే ఉంది. ఈస్టరుకి ముందు ఉపవాసాలు మొదలయ్యేలోపు, ఎక్కువగా ఫిబ్రవరిలో, కార్నివాల్ వస్తుంది. రాజు, రైతు, సర్కసువాడు, సముద్రపు దొంగ, ఏ వేషమైనా అప్పుడే. జర్మనీ ఒక్కటే కాదు. ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్‌లలో కూడా కార్నివాల్ ఉంది. మంచి వేషాలన్నీ అక్కడ ఖర్చయిపోతే హాలోవీన్‌కి మిగిలింది భయం ఒక్కటే.

జర్మనీలోకి ఈ పండగ వచ్చిన దారి మా వ్యాపారంలో ఉన్నవాళ్ళకి బాగా అర్థమవుతుంది. 1991లో గల్ఫ్ యుద్ధం కారణంగా అక్కడ కార్నివాల్ ఊరేగింపులు రద్దు చేశారు. వేషాలు, మాస్కులు తయారుచేసేవాళ్ళ సరుకు అమ్ముడుపోలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకి బొమ్మల వ్యాపారుల సంఘం తరఫున హాలోవీన్‌కి పనిగట్టుకుని ప్రచారం మొదలుపెట్టారు. గోదాములో సరుకు ఉండిపోతే ఆ రాత్రి నిద్రపట్టదు, నాకు తెలుసు. ఆ వ్యాపారుల్ని నేను తప్పుపట్టను. కానీ అలా వచ్చిన పండగకీ, ఊళ్ళో తరతరాలుగా ఉన్న పండగకీ తేడా మర్నాడు పొద్దున్న కనబడింది.

నవంబరు 1 బవేరియాలో సెలవు. షాపులన్నీ మూసేశారు. ఆ రోజు బహిరంగంగా డాన్సులు, సందడి చేయడం మీద చట్టంలోనే ఆంక్షలున్నాయి. రైల్లో చూస్తే ప్రతి రెండో మనిషి ఒళ్ళో చామంతి కుండీ. మేము వాల్డ్‌ఫ్రీడ్‌హాఫ్ అనే శ్మశానానికి వెళ్ళాం. 1907లో అడవిని అడవిగానే ఉంచి, చెట్ల మధ్య సమాధులకి చోటిచ్చారు. శ్మశానమంటే మన మనసులో ఉండే బెదురు ఆ గేటు దాటాక పోయింది. కుటుంబాలు కుటుంబాలుగా వచ్చారు. ఒకరు పూల కుండీలకి నీళ్ళు పోస్తున్నారు, ఒకరు రాలిన ఆకులు ఏరుతున్నారు, ఇంకొకరు చలికాలానికని మట్టి మీద పచ్చటి ఫర్ కొమ్మలు కప్పుతున్నారు.

దీపం ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను. గ్లాసంత ఎత్తున ఎర్ర ప్లాస్టిక్ డబ్బా, అందులో మైనం, పైన చిల్లులున్న బంగారు రంగు రేకు మూత. గాలికి ఆరదు, వానకి తడవదు, రోజుల తరబడి వెలుగుతుంది. ముందురోజు సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ కోరలు ఒక చిన్న అరలో ఉంటే, ఈ డబ్బాలు అట్టపెట్టెలతో సహా దొంతరలుగా పేర్చి ఉన్నాయి. మా ముందు ఒక మామ్మగారు పాత డబ్బా తీసి, మూత కొంగుకి బదులు చేతిరుమాలుతో తుడిచి, అగ్గిపెట్టె మనవడి చేతికిచ్చారు. వాడు వొంగి వెలిగించాడు. ఆవిడ ఆ సమాధి వైపు చూసి వాడి స్కూలు సంగతేదో చెబుతున్నారని మా అబ్బాయి మెల్లిగా నాకు చెప్పాడు. ఏడుపు లేదు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడారు. సమాధి స్థలం కూడా అక్కడ శాశ్వతంగా సొంతం కాదు, కొన్నేళ్ళ గడువుకి తీసుకుని, గడువు తీరితే మళ్ళీ డబ్బు కట్టి పొడిగించుకుంటారట. అంటే ఒక తరం పోయినా ఇంకొకరు గుర్తుపెట్టుకుని కడుతూ ఉండాలి.

ఆ చామంతుల గురించి ఒక్క మాట. ఇక్కడ అదే రోజుల్లో పూర్ణా మార్కెట్‌లో పూజకని చామంతులు కొంటాం. ఫ్రాన్సులో ఎవరింటికైనా భోజనానికి వెళ్తూ చామంతులు పట్టుకెళ్తే గృహిణి మొహం మారిపోతుంది, అవి సమాధుల మీద పెట్టే పూలు. మీ పిల్లలు అటు చదువుకి వెళ్తుంటే ఈ సంగతి చెప్పి పంపండి.

మా అబ్బాయితో పనిచేసే పోలండ్ అబ్బాయి హాలోవీన్ పార్టీకి పిలిచినా రాడు. ఆ రాత్రి కారులో సొంత ఊరికి బయల్దేరతాడు. పోలండ్‌లో ఆ ఒకటి రెండు రోజులు దేశం దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. శ్మశానాల దగ్గర ట్రాఫిక్ సర్దడానికి పోలీసులు ప్రత్యేకంగా డ్యూటీలు వేస్తారు, నగరాల్లో అదనపు బస్సులు నడుపుతారు. చీకటి పడ్డాక శ్మశానం మొత్తం దీపాల వెలుగే. స్వీడన్‌లో కూడా స్టాక్‌హోమ్ శివార్లలోని స్కోగ్స్‌చిర్కోగార్డెన్‌లో ఇలాగే వేల దీపాలు పెడతారు. యునెస్కో 1994లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన శ్మశానం అది.

అన్నిటిలో నాకు బాగా నచ్చింది సిసిలీ. అక్కడ పిల్లలు ఎవరి తలుపూ కొట్టరు. నవంబరు 2 తెల్లవారేసరికి ఆ ఇంట్లో చనిపోయిన తాతలు, మామ్మలు వచ్చి బహుమతులు పెట్టి వెళ్తారు. పిల్లలు లేవగానే మంచాల కింద, బీరువాల వెనక వెతుక్కుంటారు. మన పెళ్ళిళ్ళలో పెట్టే పంచదార చిలకల్లా అచ్చుపోసి రంగులేసిన బొమ్మలుంటాయి, బాదం పిండితో అచ్చం పళ్ళలాగే చేసిన మిఠాయిలుంటాయి. అల్లరి చేసిన పిల్లల పాదాలు రాత్రిపూట పెద్దలు వచ్చి చీజ్ కోరు మీద గీకుతారని బెదిరించడం పాత అలవాటు, అందుకని ఆ రాత్రి కోరు దాచేసేవారు. చనిపోయిన తాతని చూసి భయపడటం కాదు, ఆయన ఏం తెచ్చాడో చూసుకోవడం. ఆ ఇంటి పిల్లలకి ఆయన పేరు, మొహం, ఆయన మందలింపు అన్నీ అలా అందుతాయి.

మరి ఈ రెండు దారులు ఎక్కడ చీలాయి? క్రైస్తవ మతంలో సకల పునీతుల పండగ నవంబరు 1న జరపాలన్నది 835లో నాలుగో గ్రెగరీ పోపు కాలంలో విస్తరించింది. ఆ మర్నాడు చనిపోయిన అందరి ఆత్మల కోసం ప్రార్థన చేయడం సుమారు వెయ్యేళ్ళ క్రితం ఫ్రాన్సులోని క్లూనీ మఠంలో ఒడిలో అనే పేరున్న మఠాధిపతి మొదలుపెట్టారు. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో అంతకుముందే సావిన్ అనే పండగ ఉంది. పంటలు ఇళ్ళకి చేరి చలికాలం మొదలయ్యే రాత్రి, వేరే లోకంవాళ్ళు తిరిగే రాత్రి. అక్కడివాళ్ళు టర్నిప్ దుంపల్ని తొలిచి, కళ్ళు, పళ్ళు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. ఆ టర్నిప్ బొమ్మ ఫొటో చూస్తే గుమ్మడికాయ ఎంత సాధువో తెలుస్తుంది. ముడతలు పడ్డ ముసలి మొహంలా నిజంగానే భయపెడుతుంది. మనం కొత్త ఇంటికి, షాపుకి దిష్టి గుమ్మడికాయ మీద కోరలు, గుడ్లు రాసి వేలాడదీసేదీ అలా భయపెట్టి చెడుని దూరం పెట్టాలనే.

1845లో బంగాళదుంప తెగులుతో మొదలైన కరువుకి ఐర్లాండ్ నుంచి లక్షలమంది అమెరికా చేరారు. అక్కడ గుమ్మడి విరివిగా పండుతుంది, టర్నిప్ కన్నా పెద్దది, తొలవడం తేలిక. దుంప పోయి గుమ్మడి వచ్చింది. వాళ్ళ పెద్దల సమాధులు మాత్రం సముద్రం అవతల ఉండిపోయాయి. కొత్త దేశంలో కొత్త వీధిలో పక్కింటివాళ్ళే ఉన్నారు. అందుకే పండగ సమాధి నుంచి గుమ్మానికి జరిగిందని నా నమ్మకం. ఊరొదిలి వెళ్ళిన మా అమ్మాయిని చూస్తే నాకు అది సహజమే అనిపిస్తుంది.

అక్కడా మొదట్లో అంతా మిఠాయిలేం కాదు. కుర్రాళ్ళు ఆ రాత్రి ఆవుల్ని వీధుల్లోకి వదిలేసేవారు, గేట్లు ఊడదీసేవారు. ఈ ఆగడాలు మాన్పించడానికే మిన్నెసోటాలోని అనోకా ఊళ్ళో 1920లో ఊరేగింపు పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి అడగడం స్థిరపడుతున్న సమయానికి రెండో ప్రపంచ యుద్ధం, పంచదార రేషన్ వచ్చాయి. 1947లో రేషన్ ఎత్తేశాకే అది దేశమంతా ఇప్పుడున్న రూపానికి వచ్చింది. 2007 నుంచి గడియారాలు వెనక్కి తిప్పే తారీఖుని నవంబరుకి జరిపారు, పిల్లలకి ఆ సాయంత్రం ఇంకో గంట వెలుతురు మిగిలింది.

ఇంగ్లండు సంగతి వేరు. ప్రొటెస్టెంటు మతం వచ్చాక ఆత్మల కోసం ప్రార్థనలు పోయాయి. 1605లో పార్లమెంటుని పేల్చేయబోయిన కుట్ర బయటపడిన నవంబరు 5 వాళ్ళ పెద్ద పండగైంది, మంటలు, బాణసంచా అన్నీ దానికే. స్కాట్లాండ్‌లో మాత్రం పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరగడం మానలేదు. కాకపోతే అక్కడ ఊరికే చెయ్యి చాచడం లేదు. పాటో, పద్యమో, ఒక నవ్వించే మాటో చెప్పాలి, ఆ తర్వాతే ఆపిల్ పండో, గింజలో, నాణెమో. ఐర్లాండ్‌లో ఎండు ద్రాక్ష వేసిన బ్రెడ్డు చేసి అందులో ఉంగరం దాస్తారు, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి ఆ ఏడు పెళ్ళని. పోర్చుగల్‌లో నవంబరు 1 పొద్దున్నే పిల్లలు సంచులు పట్టుకుని దేవుడి పేరు మీద రొట్టె అడుగుతారు. ఫిన్లండ్ పిల్లలు మంత్రగత్తె వేషాలతో ఇల్లిల్లూ తిరుగుతారు గానీ అది ఈస్టరు ముందు ఆదివారం.

స్కాట్లాండ్ పద్ధతి చదివినప్పుడు మా నాన్నగారు గుర్తొచ్చారు. చోడవరం దగ్గర వాళ్ళ ఊళ్ళో దసరాకి బడి పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారట. చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు. గుమ్మంలో నిలబడి పద్యాలు పాడాలి. ఆలస్యం చేసే ఇంటివాళ్ళని మందలించే పద్యాలు కూడా వాటిలో ఉండేవి. పంతులుగారికి డబ్బులు, పిల్లలకి పప్పుబెల్లాలు. దీపావళికి మేము గోగు కర్రలకి నూనెగుడ్డ చుట్టి వెలిగించి నేలకి కొట్టేవాళ్ళం, ఆ వెలుగు పెద్దలకి దారి చూపించడానికని మా నాన్నమ్మ చెప్పేది. సంక్రాంతికి ఇప్పటికీ మా ఇంట్లో పెద్దలకి కొత్త బట్టలు పెట్టాకే మేము కట్టుకుంటాం.

ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. మా షాపులో కుట్టుపని చేసే ఆవిడది జ్ఞానాపురం. ఏటా అక్టోబరు నెలాఖరులో దయ్యాల గౌన్లకి అంచులు కుడుతూనే అడుగుతుంది, "అమ్మా, రెండో తారీఖు నేను రాను. సమాధుల పండగ." రెండు రోజుల ముందు వెళ్ళి వాళ్ళ నాన్న సమాధికి సున్నం వేస్తుంది. ఆ రోజు పూలదండలు, కొవ్వొత్తులు పట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్తారు, ఫాదరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. మ్యూనిక్ రైల్లో చామంతి కుండీతో కూర్చున్నవాళ్ళు ఏ పండగకి వెళ్తున్నారో ఈవిడా ఆ పండగకే వెళ్తోంది. డ్రాక్యులా కోటు తిరిగివ్వడానికి అదే రోజు మా షాపుకి వచ్చేవాళ్ళకి, రెండు కిలోమీటర్ల దూరంలో ఆ పండగ రెండో సగం జరుగుతోందని తెలీదు. నాకు బాధనిపించేది ఇదే.

మన పండగ కాదు, మానేయండి అనేవాళ్ళతో నేను ఏకీభవించను. పిల్లలకి వేషం కట్టడం ఆనందం, దాన్ని ఎందుకు కాదనాలి? కానీ వేషం కట్టించి ఒక హాల్లో కూర్చోబెట్టి, మైకులో పాటలు పెట్టి, కేకు కోసి పంపేయడంతో నాకు తృప్తి లేదు. పిల్లాడు ఒక మెట్టెక్కాలి, ఒక తలుపు కొట్టాలి, ఒక పెద్దమనిషితో మాట్లాడాలి. ఆ ఇంట్లో ఇదివరకున్న మనిషి ఎవరో ఒకరు ఆ మాటల్లోకి రావాలి.

సీతమ్మధారలో మేముండే అపార్ట్‌మెంట్లో ఈసారి అలా చేద్దామని అడిగాను. సెక్రటరీగారు మొదట "దయ్యాలెందుకండీ, పెద్దవాళ్ళు ఏమనుకుంటారో" అన్నారు. దయ్యాలు వద్దండీ, మనవాళ్ళే వస్తారన్నాను. ప్రతి పిల్లా, పిల్లాడూ తమ ఇంట్లో చనిపోయిన ముత్తాతో, ముత్తవ్వో, తాతో ఏం పని చేసేవారో ఆ వేషం వెయ్యాలి. ఇష్టమున్న ఫ్లాట్లవాళ్ళు గుమ్మం ముందు దీపం పెడతారు, దీపం లేని తలుపు కొట్టకూడదు. గుమ్మంలో తాము ఎవరో, ఏ ఊరో, ఏం చేసేవారో రెండు మాటలు చెప్పాలి. అప్పుడు జీళ్ళు, పల్లీపట్టీ, పప్పుబెల్లాలు, ఎవరికి తోచింది వాళ్ళు. వేరుశనగ పడని పాప ఒకరున్నారు, ఆ పాప కోసం విడిగా ఖర్జూరాలు పెట్టమని అందరికీ చెప్పాను. మా బిల్డింగు పిల్లలకి డ్రస్సు అద్దె లేదు.

పేర్లు ఇవ్వడం మొదలైంది. ఒకబ్బాయి ముత్తాత వాల్తేరు రైల్వేలో గార్డు. తెల్ల కోటు నా దగ్గరుంది, ఆకుపచ్చ జెండా కుట్టిస్తున్నాను. ఒక పాప ముత్తవ్వ జాలరిపేటలో చేపల గంప మోసేది, ఆ చీరకట్టు వాళ్ళ నాన్నమ్మే వచ్చి కడతానన్నారు. షిప్‌యార్డులో వెల్డరు తాతగారి మనవడొకడున్నాడు. వాడికి నీలం బాయిలర్ సూటు కావాలి, ఆరేళ్ళ సైజులో ఎక్కడా దొరకలేదు. జ్ఞానాపురం ఆవిడే గుడ్డ కత్తిరించింది, రెండో తారీఖు సెలవు కాబట్టి ముందే ఇచ్చేస్తానంది. వాళ్ళమ్మ మాత్రం తాతగారు హెల్మెట్ మీద పేరు రాసుకునేవారని, అది కూడా ఉండాలని పట్టుబట్టింది.

మీ అపార్ట్‌మెంట్లో ఎవరైనా ఇలా చేస్తామంటే షాపుకి రండి. ఫొటో ఉంటే తీసుకురండి, నలుపు తెలుపైనా ఫరవాలేదు. కొలతలు పది రోజుల ముందు ఇవ్వాలి, కొత్తగా కుట్టాల్సినవి ఆఖరి వారంలో మా వల్ల కాదు.